దుమ్ముగూడెము రేవున వాక్యము నేర్చిన పలుకు

(ధ్యానమునకు: అపొస్తలుల కార్యములు 2:1–13)



పెంతెకొస్తు దినమున యెరూషలేములో జరిగిన అద్భుతమును మనము ఏటేట చదువుచున్నాము. అగ్ని నాలుకలను గూర్చియు, బలమైన గాలిని గూర్చియు ప్రసంగించుచున్నాము. అయితే ఆ దినమున కూడివచ్చిన జనమును కలవరపరచిన సంగతి వేరొకటి యున్నది. ఎవరికి వారు తాము పుట్టి పెరిగిన ఇంటి భాషలో దేవుని గొప్ప కార్యములను వినిరి. ఆ వచ్చినవారిలో అనేకులకు గ్రీకు భాష తెలిసియే యుండును. సంతలో బేరమాడుటకు, కచేరీలో మనవి చేసికొనుటకు అది చాలును. అయినను దేవుడు సంతభాషతో సరిపెట్టుకొనలేదు. తల్లి ఒడిలో నేర్చిన మాట వరకు దిగివచ్చెను.

మన ఖమ్మము, భద్రాచలము అడవి అంచున ఈ సంగతి పుస్తకములోని పాఠముగా మాత్రమే నిలిచియుండలేదు. ఇది ఈ నేలమీద నడిచిన చరిత్ర. దానిని కొంత చెప్పుకొందము.

ఆనకట్ట కట్టవచ్చిన దొర

గోదావరిమీద ధవళేశ్వరము ఆనకట్ట 1852లో ముగిసినది. దానిని కట్టించిన ఆర్థర్ కాటన్ దొరగారికి మరియొక ఆశ యుండెను. గోదావరిమీద పడవలు సముద్రపు రేవునుండి ఎగువ దేశముల వరకు సాగిపోవలెనని ఆయన కోరిక. ఆ దారిలో బండరాళ్లు పరచుకొని పడవలను ఆపివేయు తావులు మూడు. వాటిలో మొదటిది దుమ్ముగూడెము, రెండవది ఇంచంపల్లి, మూడవది దేవలమర్రి. ఈ పనిమీద వచ్చిన ఇంజనీరు ఫెలిక్స్ తాకరే హెయిగ్ దొర. దుమ్ముగూడెమున ఆనకట్ట లేచినది, పడవల కాలువ త్రవ్వబడినది. కాని ఖర్చు పెరిగినది, జ్వరములు ప్రబలినవి, 1871లో సర్కారువారు ఆ పనిని మాన్పించిరి. పడవల దారి తెరవబడలేదు.

అయితే హెయిగ్ దొర అక్కడ రాళ్లను మాత్రమే చూడలేదు. అడవిలోని కోయలను చూచెను. మన తెలుగువారు వారిని కోయదొరలందురు. వారు తమ్మును కోయితూరు అని చెప్పుకొందురు. వారికి సువార్త చెప్పువారు ఎవరును లేరని ఆయనకు భారము కలిగెను. 1860 ప్రాంతమున ఆయన క్రింద ఉద్యోగము చేయుచుండిన వెంకటరామరాజుగారు అను క్షత్రియుడు క్రీస్తును నమ్మి, సర్కారు జీతమును విడిచి, కోయల మధ్య సువార్తికుడుగా నిలిచెను. తరువాత ఆయన గురువుగా అభిషేకము పొందెను. కోయల సంఘమునకు మొదటి కాపరి సీమనుండి రాలేదు, మన దేశస్థుడే యని జ్ఞాపకముంచుకొందము.

1870 తరువాత దుమ్ముగూడెమున జాన్ కెయిన్ దొరగారు బహు సంవత్సరములు సేవ చేసిరి. ఆయన బోధించుటకు ముందు వినుట నేర్చుకొనెను. కోయల పండుగలు, పెండ్లిండ్లు, భయములు, పలుకుబడులు ఓపికతో వ్రాసికొని, 1876లో ఇండియన్ ఆంటిక్వెరీ అను పత్రికలో భద్రాచలము, రేకపల్లి తాలూకాలను గూర్చి ప్రకటించెను. వారి పెండ్లి పద్ధతులలో ఒకదానిని ఆయన ఇట్లు వివరించెను: పెండ్లికూతురు తలవంచును, పెండ్లికుమారుడు ఆమెమీదికి వంగును, చుట్టములు సొరకాయ బుర్రతో అతని తలమీద నీళ్లు పోయుదురు. ఆ నీళ్లు అతని తలమీదనుండి ఆమె తలమీదికి జారగానే వారు ఆలుమగలు.

చదువరీ, ఒక్క నిమిషము ఆలోచించుము. బాప్తిస్మమని చెప్పి ఒకని తలమీద నీళ్లు పోసినప్పుడు, ఈ ఆచారము ఎరిగిన కన్నులకు అది ఏమని తోచును? కొత్తగా వచ్చిన బోధకుడు తాను మాటలాడుట మొదలుపెట్టకముందే ఆ నీళ్లు ఆ ఊరిలో ఒక మాట పలుకుచున్నవి. ఆ మాటను వినని బోధకుడు ఒకటి చెప్పును, జనము వేరొకటి విందురు.

అన్నదమ్ముల భాషలలోని చిక్కు

కోయ భాష మన తెలుగునకు చుట్టమే. గోండు భాషకు మరింత దగ్గర చుట్టము. దానికి తరతరములుగా వాడుకలోనున్న సొంత లిపి లేదు. చుట్టరికమున్నది గనుక తర్జుమా సుళువని అనుకొందురు. నిజమునకు చిక్కంతయు అక్కడనే యున్నది. బొత్తిగా తెలియని మాట వినినప్పుడు మనము దాని అర్థమడుగుదుము. తెలిసినట్టు తోచు మాట వినినప్పుడు అడుగనే అడుగము.

మూడు మాటలు చెప్పెదను. పలుకు ఊరూరికి కొంచెము మారును గాని మాట అదియే. మనకు 'ఏరు' అనగా వాగు. కోయ ఇంటిలో పిల్లవాడు 'ఏరు' అడిగినయెడల వానికి కావలసినది త్రాగుటకు నీళ్లు. మనకు 'లోను' అనగా లోపల. వారికి 'లోను' అనగా ఇల్లు. మనకు 'మఱ్ఱి' యొక చెట్టు. వారికి 'మర్రి' అనగా కుమారుడు!

ఇప్పుడు సువార్తను తెరచి చూడుడి. సమరయ స్త్రీతో బావియొద్ద ప్రభువు చెప్పిన నీళ్లు, ఒక చిన్నవానికి శిష్యుని పేరట ఇచ్చు గిన్నెడు చల్లని నీళ్లు, తప్పిపోయి తిరిగి వచ్చిన కుమారుడు, వానికొరకు తలుపు తెరచియుంచిన తండ్రి ఇల్లు. సువార్తలో మిక్కిలి ప్రియమైన మాటలన్నియు ఈ మూడింటిచుట్టునే తిరుగుచున్నవి. తెలుగు మాత్రమే ఎరిగిన బోధకుడు కోయ ముసలివాడు చెప్పు సాక్ష్యమును విని, ఇతడు ఏటిని గూర్చియు మఱ్ఱిచెట్టును గూర్చియు చెప్పుచున్నాడని, ఇది చెట్టుపూజ యని గద్దించి పోవచ్చును. అతడు తండ్రిని, కుమారుని గూర్చి చెప్పుచుండెను!

అందువలన హెయిగ్ దొర కోయ భాషను నేర్చెను. సైన్యములో జనరలు హోదా పొందిన తరువాత కూడ ఆయన దుమ్ముగూడెమును మరువలేదు. ఆయన పాటుపడగా 19వ శతాబ్దపు చివరి దశాబ్దములలో లూకా సువార్త కోయ భాషలో అచ్చయినది. పడవలకొరకు తలపెట్టిన పని ఆగిపోయినది. మాటకొరకు తలపెట్టిన పని నిలిచినది.

ఇది మన దేశములోనే జరిగినది కాదు. 863లో సిరిలు, మెథోడియస్ అను సహోదరులు మొరావియా దేశమునకు, అనగా నేటి చెకు, స్లొవాకు జనుల సీమకు పిలువబడినప్పుడు, ఆ స్లావు జనుల పలుకునకు అక్షరములు కూర్చి వాక్యమును తర్జుమా చేసిరి. దేవుని స్తుతించుటకు పెద్ద భాషలే తగునని ఆక్షేపించినవారు అప్పుడును ఉండిరి. మార్టిన్ లూథరుగారు 1530లో తన తర్జుమాను గూర్చి వ్రాసిన బహిరంగ లేఖలో, ఇంటిలోని తల్లిని, వీధిలోని పిల్లలను, సంతలోని సామాన్యుని అడిగి, వారు పలుకు తీరును కనిపెట్టవలెనని చెప్పెను. దుమ్ముగూడెమున జరిగినదియు అదే.

మన తెలుగు గ్రంథము నడచిన దారి

ఈ కష్టము కోయలకు మాత్రమే కాదు. మనకును ఒకరు పడిరి. 1805లో విశాఖపట్టణము వచ్చిన క్రాన్, డెగ్రాంజి అను లండను మిషను దొరలు, ఆనందరాయరు అను బ్రాహ్మణ విశ్వాసి తోడ్పాటుతో సువార్తలను తెలుగు చేయ పూనుకొనిరి. క్రాన్ 1809లోను, డెగ్రాంజి 1810లోను ప్రభువునందు నిద్రించిరి. మత్తయి, మార్కు, లూకా సువార్తలు 1812లో శ్రీరామపురమున అచ్చయినవి. తమ చేతి పని అచ్చులో చూచుట వారిద్దరికిని దొరకలేదు. ప్రిచ్చెట్టు దొర తర్జుమా చేసిన క్రొత్త నిబంధన 1818లో చెన్నపట్టణమున వెలువడెను. తరువాత ఎన్నియో చేతులు దానిని దిద్దినవి.

ఆ దొరలకు తటస్థించిన చిక్కులను మన వాడుక మాటలతో తెలిసికొనవచ్చును. ఇంగ్లీషువారిది చలి దేశము. ప్రేమను, ఆదరణను వారు వెచ్చనివి అందురు. ప్రేమలేనివాడు వారికి చల్లనివాడు. మనది మే నెలలో బండలు పగులు సీమ. మన తల్లులు దీవించునప్పుడు 'చల్లగా ఉండు బిడ్డా' అందురు. మంచివానిది చల్లని మనసు. ఆకలి తీర్చినవానిని 'నీ కడుపు చల్లగా' అందురు. ఇంగ్లీషువాని వెచ్చని స్వాగతమును మాటకు మాట తెలుగు చేసినయెడల, వచ్చిన చుట్టమును పొయ్యిమీద కూర్చుండబెట్టినట్టుండును! ప్రేమ తగ్గిపోవుటను గూర్చి ప్రభువు చెప్పిన చోట మన తర్జుమాదారులు 'చల్లారుట' అను మాటను ఎన్నుకొనిరి. అది పొయ్యిలో నిప్పు ఆరుటను తోపించును గాని చల్లదనమును నిందింపదు. ఎంత జాగ్రత్తయో చూడుడి.

మరియొకటి. ప్రభువు జనసమూహమును చూచి కనికరపడెనని చెప్పు చోట గ్రీకు మాట కడుపులోని పేగులకు సంబంధించినది. ఇంగ్లీషు పాత తర్జుమాలో కొన్ని చోట్ల పేగులు అనియే యున్నది. నేటి ఇంగ్లీషువారికి అది ఎబ్బెట్టు. మనకో? బిడ్డ బాధ చూచిన తల్లికి కడుపు తరుగుకొనిపోవును. బిడ్డను పోగొట్టుకొనిన దానిది కడుపుకోత. హెబ్రీ భాషలో కూడ కనికరమను మాట గర్భమను మాటకు దగ్గరిది. ఇక్కడ అపొస్తలుల పలుకునకు ఇంగ్లీషుకంటె మన పల్లె తల్లి పలుకే సమీపమైనది. అప్పుడు సువార్త మనకు పరాయి దేశపు సరకని ఎట్లు చెప్పుదుము?

మరి మన 'మేము', 'మనము' సంగతి చూడుడి. ఇంగ్లీషులో రెంటికిని ఒకటే మాట. మనకు, వినువాడు లోపల చేరినయెడల 'మన', చేరనియెడల 'మా'. ప్రభువు నేర్పిన ప్రార్థనలో తండ్రిని పిలుచునప్పుడు 'మా' అనవలెను; 'మన' అనినయెడల దేవునికి ఇంకొక తండ్రి యున్నట్టగును. అదే మాట సహోదరునితో చెప్పునప్పుడు 'మన తండ్రి' యనవలెను. అక్కడ 'మా' యనినయెడల వానిని కుటుంబములోనుండి గెంటివేసినట్టే. ఒక్క అక్షరములో ఒకడు సంఘము లోపల నుండుటయు వెలుపల నుండుటయు తేలిపోవును. అడవి పల్లెలో నిలువబడి 'మా దేవుడు' అని బోధించు మనము, వినువారిని ఏ వైపున నిలుపుచున్నామో ఆలోచింపవద్దా?

అవ్వ అడిగిన ప్రశ్న

ఇప్పుడు నా తప్పిదమొకటి ఒప్పుకొనవలెను. వేదపాఠశాలలో చదువు ముగించి అడవి అంచు సంఘములకు క్రొత్తగా వచ్చిన దినములవి. ఒక కోయ పల్లెలో లాంతరు వెలుగున కూటము. యెషయా మొదటి అధ్యాయమునుండి, ఎఱ్ఱని పాపము హిమమువలె తెల్లబడునను వాగ్దానమును మంచి గ్రాంథికములో ప్రసంగించితిని. హిమమనగా మంచు అని అర్థము కూడ చెప్పితిని. ముగించగానే వెనుక కూర్చున్న ఒక అవ్వ లేచి,

"అయ్యగారూ, మంచంటే తెల్లారగట్ల చెట్లకి పట్టేదే గదా?" అని అడిగెను.

"అవునవ్వా" అంటిని.

"అది పడితే మామిడి పూత మాడిపోద్ది. మరి మన పాపం మంచు లెక్క అవుద్దంటే మంచిదెట్టయిద్ది?"

నాకు నోట మాట రాలేదు. నేను క్షమను ప్రకటించితిని. ఆమె తెగులును వినెను. ఆ వాక్యములోనే హిమముతోపాటు ఉన్ని కూడ యున్నదని జ్ఞాపకము వచ్చి, గొఱ్ఱె బొచ్చు సంగతి ఎత్తుకొంటిని. అదియును చెడెను. మన సీమలో కురుమలు నేయు గొంగడి నల్లనిది! అప్పుడు ఆ సంఘపు పెద్ద మెల్లగా, "బూరుగు కాయ పగిలితే దూది వస్తదే అవ్వా, అంత తెల్లగ చేస్తడు దేవుడు" అనెను. అవ్వ మొగము విప్పారెను. "అట్ట చెప్పు మరి" అని కూర్చుండెను.

నాలుగేండ్లు చదివినవాడు చేయలేనిది ఆ అక్షరము రాని పెద్ద ఒక్క మాటలో చేసెను. అయితే గ్రంథములోని హిమమును కొట్టివేసి బూరుగు దూది వ్రాయవలెనా? అట్లు కాదు. ఆ దినము మొదలుకొని నేను ఆలోచించి పట్టుకొనిన నియమము ఇది. జరిగిన సంగతిని మార్చరాదు. పోల్చిన సంగతిని విప్పి చెప్పవలెను. పస్కాకు వధింపబడినది మందలోని పిల్ల; దానిని మనము కోడిపిల్లగా మార్చరాదు, ఏలయనగా అది చరిత్ర. హెర్మోను కొండమీద హిమమున్నది. అది ఆ దేశపు సత్యము, గ్రంథములో నిలిచియుండనిమ్ము. కాని ప్రసంగ పీఠముమీద నిలుచువాడు హిమమునుండి బూరుగు చెట్టు వరకు నడచి రావలెను. ఆ నడక నడువనివాడు వాక్యమును చదివినవాడగును గాని చెప్పినవాడు కాడు.

మన తెలుగు తర్జుమాలోనే ఈ వివేకమును చూడవచ్చును. గ్రీకులో రొట్టెకు ఒకటే మాట. ప్రభువు బల్లయొద్ద విరిచినది రొట్టె. అక్కడ రొట్టె యనియే యున్నది, అది జరిగిన సంగతి గనుక. ప్రతిదినము అడుగవలసినదానిని గూర్చిన ప్రార్థనలో మాత్రము 'ఆహారము' అని యున్నది. కాకయుండినయెడల, జొన్న గటకయు అంబలియు త్రాగు మన పేదవాడు, తాను ఎన్నడు తినని రొట్టెకొరకు దినదినము ప్రార్థింపవలసివచ్చెడిది.

నేడు మన యెదుట నున్నది

దొరల కాలము పోయినది. 1874లో గోదావరి జిల్లాలో చేర్చబడిన భద్రాచలము, 1959లో ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో కొన్ని మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. సర్కారు హద్దులు ఇన్నిసార్లు మారినను, పొయ్యియొద్ద పలుకు మారలేదు. 2011 జనాభా లెక్కలలో కోయ తమ మాతృభాష యని చెప్పినవారు సుమారు 4 లక్షలమంది.

అయినను మన సంఘములలో ఏమి జరుగుచున్నది? ఆరాధన తెలుగులో, పాట తెలుగులో, ప్రార్థన తెలుగులో. చదువుకొనిన కోయ యౌవనుడు గుడిలో తన భాష మాటలాడ సిగ్గుపడుచున్నాడు. వెనుక వరుసలో ముసలి తల్లులు తల ఊపుచు కూర్చుందురు. వారికి అర్థమైనదని మనము సంతోషించుచున్నాము. తల ఊపుట వేరు, మనసున పట్టుట వేరు. తెలుగు వారికి ఉప్పు కొను భాష, అప్పు తీర్చు భాష, కచేరీలో చేతులు కట్టుకొను భాష. ఏడ్చునప్పుడు వారు ఆ భాషలో ఏడ్వరు. ఏ భాషలో ఏడ్చెదరో ఆ భాషలో ఓదార్పు వినగోరుట తప్పా?

సంఘ పెద్దలారా, ఇది డబ్బుతో కాదగిన పని కాదు. వారమునకొక్కసారి ఒక పాఠమును కోయలో చెప్పించుడి. చెప్పినదానిని ముసలి తల్లులచేత తిరిగి వారి మాటలలో చెప్పించుడి. వారు ఏమి వినిరో అప్పుడు తేలును. చిన్న బిడ్డ తన భాషలో ప్రార్థించినప్పుడు నవ్వకుడి, నవ్వనియ్యకుడి.

ముగించకముందు ఒక మాట. మన పల్లెలలో ఇంటినుండి బయలుదేరువాడు 'పోతున్నాను' అనడు. అది కీడు మాట. 'పోయి వస్తాను' అనును. వాకిట నిలుచున్న తల్లి ఆ రెండవ మాటను వినువరకు లోపలికి పోదు. యోహాను సువార్త 14వ అధ్యాయమున, సిలువకు పోవుటకు ముందు రాత్రి, ప్రభువు తన వారికి ఏమి చెప్పెనో చదివి చూడుడి. తాను పోవుచున్నానని మాత్రమే చెప్పి ఊరకుండలేదు. తిరిగి వచ్చెదనని కూడ చెప్పెను. మన వాకిటి మాటయే! దానిని ఇంగ్లీషువారు రెండు వాక్యములుగా వినుచున్నారు. మనము ఒక్క ఊపిరిలో విందుము. ఆ అవ్వ రెండేండ్లకు ప్రభువునందు నిద్రించినప్పుడు, సమాధియొద్ద నేను పెద్ద ప్రసంగము చేయలేదు. పోయి వస్తానని చెప్పినవాడు మాట తప్పడని, ఆయనతోకూడ అవ్వను చూతుమని చెప్పితిని. దానిని సంఘపు పెద్ద కోయలో తిరిగి చెప్పెను. అప్పుడే జనము ఏడ్చిరి.

ప్రార్థన: తండ్రీ, నీ కుమారుడు మా పలుకు నేర్చుకొని మా మధ్య నివసించెను. మా పొరుగువాని పలుకు నేర్చుకొను వినయమును మాకు దయచేయుము. నీ మాటకును వాని చెవికిని మధ్య మా గర్వము అడ్డు రాకుండ కాపాడుము. ఆమేన్.